నేను విప్పేసిన డీఎన్ఏ పెట్టెలు

ల్యాబుల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, ఇన్నేళ్ల సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏమిటి సార్ అని అడుగుతారు. బాన్సువాడలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పాను. సిలబస్ అయిపోగొట్టాను, ప్రాక్టికల్ మార్కులు వేశాను, బీకర్లు పగలగొట్టిన వాళ్లను తిట్టాను. ఇందులో గొప్ప ఏముందో నాకైతే కనిపించదు. చెడగొట్టిన పని మాత్రం ఒకటి బాగా గుర్తుంది. దాని గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను. మీరు రేపు ల్యాబ్ ఇన్‌ఛార్జీలు అవుతారు, మీకే ఎక్కువ పనికొస్తుంది.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. నాకు నీళ్ల పిచ్చి. మా కాలేజీ ల్యాబ్‌లో గాజు గొట్టాలతో నేనే స్వయంగా అమర్చుకున్న డిస్టిలేషన్ సెట్టు ఒకటి ఉండేది. దాంట్లో దిగిన నీళ్లంటే నాకు ప్రాణం. బజార్లో క్యాన్లలో అమ్మే డిస్టిల్డ్ వాటర్‌ను నేను నమ్మేవాణ్ని కాదు. పిల్లలు చాటుగా నన్ను డిస్టిల్డ్ సార్ అంటారని తెలుసు. తెలిసి కూడా కోపం రాలేదంటే ఆ పేరు నాకెంత నచ్చిందో మీరే ఊహించుకోండి. ఏ ప్రయోగం తప్పినా నా మొదటి ప్రశ్న ఒకటే: నీళ్లు ఎక్కడివి?

మా ల్యాబ్‌కు ఒక అటెండర్ ఉండేది. వయసులో నాకంటే పదేళ్లు చిన్న. పిల్లలంతా అక్క అంటుంటే నాకూ అదే అలవాటైంది. ఏజెన్సీ వాళ్ల ద్వారా చేరింది, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించాలి. దానికి ముందు ఇరవై ఏళ్లు వాళ్లమ్మతో పాటు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టింది. ఆకు కత్తిరించడం, తంబాకు చిటికెలో కొలవడం, చుట్టడం, మూతి మడిచి బొటనవేలి గోటితో నొక్కడం. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే కళ్లు వీధిలో ఎవరొచ్చారో ఎవరు పోయారో చూస్తుండేవట. నడుము పట్టేసి, దగ్గు ఎక్కువై, దవాఖానలో డాక్టరమ్మ కోప్పడితే ఆ పని మానేసి మా కాలేజీకి వచ్చింది. పదో తరగతి దాటలేదు. కానీ ఏ సీసా ఏ అరలో ఉందో నేను ఆమెనే అడగాల్సి వచ్చేది.

నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా బయోటెక్నాలజీకి ఒక కొత్త మేడం వచ్చింది. బీర్కూర్ దగ్గర కాలువ కింద వరి పండించే కుటుంబం. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు, ఆమె మాటలో అండీలు ఇంకా పోలేదు. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసింది. వస్తూ వస్తూ ఒక చిన్న ప్రాజెక్టు వెంట తెచ్చుకుంది. ఆమె గైడు గారు హైదరాబాద్‌లోనే ఉండేవారు, కావలసిన సామాను కొంత ఆయన ల్యాబ్ నుంచే వచ్చేది.

ఏం ప్రాజెక్టమ్మా అని అడిగితే, డీఎన్ఏతో పెట్టెలు కడతాను సార్ అంది. నేను నవ్వాను. డీఎన్ఏ అంటే తల్లిదండ్రుల పోలికలు పిల్లలకు మోసుకొచ్చేదని పాఠం చెప్పుకున్నవాళ్లం, దాంతో పెట్టెలేమిటి? ఆమె ఓపిగ్గా చెప్పింది. డీఎన్ఏను దారంలా వాడుకోవచ్చట. ఒక పొడవాటి పోగు తీసుకుంటారు. దాన్ని ఏ చోట ఎటు మడవాలో చూసుకుని రెండు వందల దాకా పొట్టి పోగులు తయారు చేయిస్తారు. అన్నిటినీ ఉప్పు నీళ్లలో కలిపి, బాగా వేడి చేసి, చాలా నెమ్మదిగా చల్లారనిస్తారు. చల్లారే కొద్దీ ప్రతి పొట్టి పోగూ తన చోటు వెతుక్కుని అతుక్కుంటుంది, పొడవాటి పోగు మడత పడుతుంది. మనం చెయ్యి పెట్టే పని లేదు. పొద్దున పోగులుగా ఉన్నవి మర్నాటికి మూతలున్న పెట్టెలు. ఒక్కో పెట్టె వెంట్రుక మందంలో వెయ్యో వంతు కంటే చిన్నది.

ఆ మూతకు ఒక తాళం. పొలంలో కొట్టే ఒక పురుగు మందు తగిలితేనే ఆ తాళం ఊడుతుంది. ఊడితే లోపలున్న రంగు వెలుగుతుంది. కాలువ నీళ్లలో మందు ఎంత కలుస్తోందో ఏ రైతైనా అక్కడికక్కడే చూసుకోవచ్చునని ఆమె ఆశ. వాళ్ల నాన్న ఏళ్ల తరబడి మందు కొట్టి, అదే కాలువలో చేతులు కడుక్కోవడం చూసిన పిల్ల. తాళం, రంగు తర్వాతి సంగతులు. ముందు పెట్టెలు కట్టుకున్నాయని ఫోటోతో రుజువు చెయ్యాలి.

ఇదంతా అక్క టెస్ట్ ట్యూబులు కడుగుతూ వింది. మేడం ఆగగానే, "అంటే ఆకు తనంతల తానే సుట్టుకుంటదన్నట్టు. గట్లయితే మా అమ్మకు నడుము నొయ్యకపోవు గదా" అంది. హైదరాబాద్‌లో సెమినార్లు విన్న వాళ్లలో కూడా ఇంత త్వరగా అర్థం చేసుకున్నవాళ్లను చూడలేదని మేడం తర్వాత నాతో అంది. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఎందుకంటే నాకు అప్పటికి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

పని మొదలైంది. నెమ్మదిగా చల్లార్చే మెషీన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చారు. కరెంటు పోయినప్పుడల్లా అది మళ్లీ మొదటికి వచ్చేది. రెండు సార్లు సామాను వృథా అయ్యాక మేడం కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు అక్క, చలికాలం వాళ్లమ్మ వేడినీళ్ల గిన్నెను ఊక బుట్టలో పాతిపెట్టేదనీ, తెల్లారి మొహం కడుక్కునే దాకా గోరువెచ్చగా ఉండేవనీ చెప్పింది. మర్నాడే రైస్ మిల్లు నుంచి ఒక గోనె సంచి నిండా ఊక తెచ్చింది. మరిగే నీళ్ల ఫ్లాస్కులో ట్యూబులు దించి, ఫ్లాస్కును ఊకలో పూడ్చాం. మేడం గంటకోసారి థర్మామీటర్ పెట్టి చూసింది. మెషీన్ ఎలా దించాలో అచ్చం అలాగే వేడి దిగింది. కరెంటుతో సంబంధమే లేదు.

అంతవరకు అంతా సంబరమే. ఆ తర్వాతి సంగతి చెప్పడానికి నాకు కొంచెం సిగ్గు. ట్యూబుల్లో పోసేది ఎంతనుకున్నారు? ఒక్క చుక్క, దాంట్లో కూడా భాగాలు. పిపెట్ పట్టుకోవడానికి చెయ్యి కదలకూడదు. మొదట నేనే పట్టుకున్నాను, సీనియర్‌ని కదా. నా చెయ్యి వణికింది. అరవై దగ్గర పడ్డాక ఎవరి చెయ్యైనా వణుకుతుంది, కానీ అది అందరి ముందూ వణకాలా? మేడం పిపెట్ తీసుకుని అక్క చేతికిచ్చింది. అక్క రెండు రోజుల్లో నేర్చుకుంది. చిటికెతో తంబాకు కొలిచిన చెయ్యి, ఎక్కువా పోదు తక్కువా పోదు. ఒక్కటే లోపం. ట్యూబు మూత నొక్కేటప్పుడు మాత్రం గ్లౌజు లాగేసి ఉత్త బొటనవేలితో నొక్కేది, బీడీ మూతి నొక్కినట్టు. మేడం రెండు మూడు సార్లు వారించింది. అక్క నాలుక కరుచుకుని మళ్లీ తొడుక్కునేది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని కాసేపు చూసేవాణ్ని, కాసేపు కిటికీ వైపు మొహం తిప్పుకునేవాణ్ని. నా ల్యాబ్‌లో నేను చూస్తూ కూర్చోవడం నాకు నచ్చలేదు. ఆ మాట అప్పట్లో నాలో నేను కూడా అనుకోలేదు.

ఐదు ట్యూబులు సిద్ధమయ్యాయి. హైదరాబాద్‌లో పెద్ద మైక్రోస్కోప్ మీద గైడు గారు ఒక రోజు ఇప్పించారు. ఆ వారమే మేడంకు వేరే ఊళ్లో పరీక్షల డ్యూటీ పడింది. ఆమె నాకు ఫోన్ చేసింది. ట్యూబులు ఐస్ డబ్బాలో పెట్టి, టేపు వేసి, బస్సు పార్సిల్‌లో పంపమంది. ఆరిపోకుండా జాగ్రత్త సార్ అని కూడా అంది. ఆ మాటే నా కొంప ముంచింది.

ట్యూబులు తీసి వెలుతురుకు ఎత్తి చూశాను. అడుగున ఒక్క చుక్క. అన్నీ పోశాక కూడా మొత్తం కలిపి అంతేనని నాకు తెలియదు. పోసేటప్పుడు నేను అలిగి కిటికీలోంచి బయటకు చూస్తుండేవాణ్ని కదా. ఊక వేడికి మిగతాది ఆవిరైపోయిందనుకున్నాను. హైదరాబాద్ చేరేలోపు ఈ చుక్క కూడా ఆరిపోతే ఆ పిల్ల కష్టమంతా ఏమైపోవాలి అని నాకు నిజంగా బాధేసింది. నా డిస్టిలేషన్ సెట్టు ముందుకెళ్లి, ఆ పొద్దున దిగిన తాజా నీళ్లు డ్రాపర్‌తో తీసి, ఐదు ట్యూబులూ మెడ దాకా నింపాను. ఎంత ప్రేమగా నింపానో చెప్పలేను. ఫోన్ చేసి అడుగుదామన్న ఆలోచన కూడా రాలేదు. డిస్టిల్డ్ వాటర్ వల్ల ఎవరికైనా చెడు జరుగుతుందని ముప్పై ఏళ్లలో నేను వినలేదు. డబ్బాకు టేపు వేసి, స్వయంగా బస్టాండుకు వెళ్లి పార్సిల్ చేసి వచ్చాను.

నాలుగు రోజులకు ఫోటోలు వచ్చాయి. పెట్టెలు లేవు. చిక్కుపడిన పోగులు, తెగినట్టున్న ముక్కలు, అంతే. గైడు గారు ఫోన్‌లో మేడంను ఒకటే అడిగారు, ట్యూబులు ఎవరెవరు ముట్టుకుంటారు అని. మన చేతుల చర్మం మీద డీఎన్ఏను కొరికేసే పదార్థం ఒకటి ఉంటుందట. ఉత్త చేత్తో ముడితే అది లోపలికి పోయి పోగుల్ని ముక్కలు చేస్తుంది. మేడం అబద్ధం చెప్పే మనిషి కాదు, బొటనవేలి సంగతి చెప్పింది. అయితే ఇంకేం, అదే కారణం అన్నారాయన. ట్యూబుల్లో ఎంత నీరుందని మేడంను ఆయన అడగలేదు, ఆయనను మేడం అడగలేదు. అక్కడ డబ్బా విప్పిన గైడు గారి విద్యార్థికి అవి మేం పంపినవే కదా, ఎంత ఉంటే అంతే.

మేడం అక్కను ఏమీ అనలేదు. ఇంకోసారి జాగ్రత్తగా చేద్దాం అక్కా అని మాత్రం అంది. చేసిందంతా నేను. ల్యాబ్ ఇన్‌ఛార్జి హోదాలో ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాను. పలుమార్లు చెప్పినా గ్లౌజు తీసి బొటనవేలితో మూతలు నొక్కి, నిబంధనలు పాటించనందువల్ల విలువైన నమూనాలు పాడయ్యాయనీ, సదరు అటెండర్‌ను ల్యాబ్ విధుల నుంచి తప్పించాలనీ. అక్షరాలు గుండ్రంగా, వాక్యాలు గట్టిగా. రాస్తున్నప్పుడు నాకు లోపల ఎక్కడో తృప్తిగా కూడా ఉంది, ఎందుకు దాచాలి. ప్రిన్సిపాల్ సంతకం పెట్టి ఏజెన్సీకి పంపాడు. కాంట్రాక్టు పొడిగించే నెల అదే. ఉత్తరం చూసిన ఏజెన్సీ వాళ్లు ఆమె పేరు కొట్టేశారు.

ఆ రోజు అక్క ల్యాబ్ తాళం చెవులు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒక్క నిమిషం నిలబడింది. నేను రికార్డులు దిద్దుతున్నట్టు తల దించుకున్నాను. "సరే సార్, పోతున్న మరి" అని వెళ్లిపోయింది.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం మేడం ఫైనలియర్ పిల్లలకు క్లాసు చెబుతోంది. నేను ఆ గదిలో వెనక బీరువాలో పాత చార్టులు వెతుకుతున్నాను. డీఎన్ఏ పోగులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయనీ, అందుకే మెగ్నీషియం ఉప్పు కలుపుతామనీ, ఆ ఉప్పే వాటిని దగ్గరగా పట్టి ఉంచుతుందనీ చెబుతోంది. ఒక అమ్మాయి లేచి, కట్టుకున్న పెట్టెను మంచినీళ్లలో వేస్తే ఏమవుతుంది మేడం అని అడిగింది. నీళ్లు ఎంత స్వచ్ఛంగా ఉంటే అంత చేటు, పెట్టె విడిపోతుంది అంది మేడం.

నా చేతిలో చార్టు అలాగే ఉండిపోయింది. ఐదు ట్యూబులు, మెడ దాకా. ఒక చుక్క ఉప్పు నీటికి ముప్పై చుక్కల నా నీళ్లు. లెక్క చెయ్యడానికి నాకు కాగితం అవసరం లేదు.

వెంటనే వెళ్లి చెప్పేశానని మీరు అనుకుంటే నన్ను ఎక్కువ అంచనా వేసినట్టే. రెండు రోజులు నోరు మెదపలేదు. నాలుగు నెలల్లో రిటైర్మెంటు, శాలువా కప్పుతారు, ఒక్క పొరపాటు లేని సర్వీసు అని ఎవరో ఒకరు మైకులో అంటారు. మూడో రోజు మేడం దగ్గరికి వెళ్లి, ఊరికే అడుగుతున్నట్టు, ఒకవేళ ఎవరైనా ఆ ట్యూబుల్లో డిస్టిల్డ్ వాటర్ కలిపి ఉంటే అన్నాను.

"అలాంటి పని ఎవరు చేస్తారండీ?" అని నవ్వింది. తర్వాత నా మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది. కుర్చీ జరిపింది, కూర్చోమన్నట్టు. నేను జరిగింది చెప్పాను. అంతా విని, "అక్కకు చెప్పారా?" అంది.

ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్లాను. పాత బాన్సువాడలో సన్న గల్లీ, రేకుల ఇల్లు. గడప దగ్గర ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. డాక్టరమ్మ వద్దన్న పని. పక్కన తడిగుడ్డలో చుట్టిన ఆకు కట్ట, మధ్య మధ్య దగ్గు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. లోపలి నుంచి కుర్చీ తెప్పించి వేయించింది. ఏం చెప్పాలో దారంతా వల్లించుకుంటూ వచ్చాను. అక్కడికొచ్చాక అన్నీ మరచిపోయి, తప్పు నీది కాదు అక్కా, నాది, నేనే నీళ్లు పోశాను అనేశాను.

అక్క చేతులు ఆగలేదు. ఒక బీడీ పూర్తి చేసి చాటలో వేసింది.

"నాకు తెల్సు సార్. మీరు పోసేటప్పుడు నేను గాడనే ఉన్న, ట్యూబులు కడుగుతున్న."

చూసి మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు నాకే లేచినట్టు అనిపించింది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చినా అదే సారు గొంతు, అలవాటు పోదు.

అప్పుడు తలెత్తి చూసింది. "గవి పోస్తే ఖరాబైతదని నాకేం తెల్సు సార్? మీరు పెద్ద సారు, తెల్సే పోస్తున్నరు అనుకున్న. పార్సిల్ పోయినంక గూడ గదే అనుకున్న. ఇగ ఫోటోలల్ల పెట్టెలు రాలేదన్నరు. అందరొచ్చి నా చేతులే చూసిండ్రు. నా కండ్లేం చూసినయో ఎవ్వలన్న అడిగిండ్రా?"

ముప్పై ఏళ్లు పిల్లలకు పరిశీలన అంటే ఏమిటో పాఠం చెప్పాను. ల్యాబ్‌లో అన్నీ చూసే ఒకే ఒక్క మనిషిని, నువ్వేం చూశావు అని అడగలేదు. ఆమె మీద జాలితో కాదు, నా మీద నాకు అసహ్యంతో కళ్లనీళ్లొచ్చాయి. అక్క కాసేపు చూసి, కోడలిని పిలిచి చాయ్ పెట్టమంది. కోపం పోలేదు. కోపంతోనే చాయ్ పెట్టించింది. మన వైపు మనుషులు అట్లా ఉంటారు.

వెళ్లేటప్పుడు మాత్రం గట్టిగా చెప్పింది. "నాకు చెప్తే ఏమొస్తది సార్? యాడ రాసిండ్రో గాడ చెప్పుండ్రి."

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో నేను, మేడం. ప్రిన్సిపాల్ మంచివాడే, నాకు జూనియర్, నా మీద గౌరవం. విని ఇబ్బంది పడ్డాడు. సాంకేతిక కారణాల వల్ల నమూనాలు పాడయ్యాయని రాసేద్దాం సార్, అక్కను మళ్లీ తీసుకుందాం, మీ పేరెందుకు ఈ వయసులో అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు తియ్యగా వినిపించింది. పెన్ను తీసుకుని 'సాంకేతిక' అని రాసే దాకా వచ్చాను. ఆ పదం దగ్గర ఆగాను. అక్క మీద ఉత్తరం రాసిన రోజు నాకు సాంకేతిక అనే మాట గుర్తు రాలేదు. అప్పుడు ఆమె బొటనవేలి దాకా వివరంగా రాశాను. ఆ కాగితం చింపి ఇంకోటి తీసుకున్నాను. నమూనాల్లో డిస్టిల్డ్ వాటర్ నేను పోశాను, ఎవరినీ అడగకుండా పోశాను, అటెండర్ మీద నేను చేసిన ఫిర్యాదు తప్పు. మూడు వాక్యాలు. అక్షరాలు అంత గుండ్రంగా రాలేదు. అప్పటికప్పుడు గైడు గారికి కూడా నేనే ఫోన్ చేసి చెప్పాను. డబ్బా విప్పినప్పుడు మేమూ అడగాల్సింది అన్నారాయన. ఇంకో రోజు మైక్రోస్కోప్ ఇప్పిస్తానన్నారు.

పోగులు ఇంకొక్క విడతకే మిగిలి ఉన్నాయి. అక్క రావడానికి వారం పట్టింది, ఏజెన్సీ కాగితాలు అంత తొందరగా కదలవు. వచ్చిన రోజు నా బల్ల మీదున్న తాళం చెవులు తనే తీసుకుంది. తర్వాత మేడంను ఒకటి అడిగింది. నోట్‌బుక్‌లో రోజూ ఏ పని జరిగిందో రాస్తారు కదా, ఆ పని ఎవరు చేశారో కూడా రాయమంది. మంచిగైతే నా పేరుండాలె, ఖరాబైతే గూడ నా పేరే ఉండాలె, నడుమల ఊహలు వద్దు అని. మేడం అప్పుడే స్కేలు పెట్టి కొత్త గడి గీసింది. మొదటి రోజు గడిలో అక్క స్వయంగా తన పేరు రాసింది. ఆ రోజంతా ఆమె గ్లౌజు తీయలేదు. నేను నా స్టూలు తీసుకెళ్లి గుమ్మం బయట వేసుకున్నాను. అక్క చూసింది కానీ, లోపలికి రమ్మనలేదు.

ఫోటోలు మేడం ఫోన్‌కు వచ్చినప్పుడు మధ్యాహ్నం అన్నాల వేళ. మేడం చూసి, ఫోన్ అక్క చేతికిచ్చింది. బూడిద రంగు మీద చిన్న చిన్న చదరాలు. అక్క చెయ్యి తుడుచుకుని ఫోన్ దగ్గరగా పెట్టుకుని, బీడీ కార్ఖానాలో చెకింగ్ చేసే మనిషి కట్టలు చూసినట్టు ఒక్కొక్కటీ చూసింది. గిది మంచిగుంది, గిది మంచిగుంది, గిది మూత పడలే, గిది ఒక పక్క విరిగింది. నాలుగింటిని తీసేసింది. మిగతావన్నీ ఉంచింది. ఈ పనిలో అన్నీ కుదరవనీ, ఆ మాత్రం పోవడం మామూలేననీ మేడం చెప్పినా ఒప్పుకోలేదు, వచ్చేసారి అవి కూడా సరిచేద్దామంది. ఆ తర్వాత గుమ్మం దగ్గరికొచ్చి ఫోన్ నాకు చూపించింది. నాకు చదరాలు సరిగా కనిపించలేదు. కళ్లద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. అవి తుడుచుకునే దాకా ఆమె ఫోన్ అలాగే పట్టుకుని నిలబడింది.

నా వీడ్కోలు సభలో ఒక్క పొరపాటు లేని సర్వీసు అని ఎవరూ అనలేదు. నాకు హాయిగా ఉంది.

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ అటు పోతుంటాను. అక్క కాంట్రాక్టు రెండు సార్లు పొడిగించారు. మేడం ఇప్పుడు తాళం పని మీద ఉంది, కాలువ నీళ్ల దాకా వెళ్లడానికి ఇంకా టైం పడుతుంది. మొన్న నేను వెళ్లి స్టూలు మీద కూర్చున్నానో లేదో, లోపల ఏదో బెడిసికొట్టినట్టుంది. ట్యూబులు వరుసగా పెట్టి ఉన్నాయి, ఒక్క దాంట్లోనూ రావాల్సిన రంగు రాలేదు. మేడం విసుగ్గా నోట్‌బుక్ తిరగేస్తోంది. తర్వాత నోట్‌బుక్ మూసి, అక్క వైపు తిరిగింది. ఇప్పుడు ఆ ల్యాబ్‌లో ఏది తప్పినా మొదటి ప్రశ్న అదేనట.

"అక్కా, మీరేం చూశారు?"

అక్క తొందరపడలేదు. చేతిలో పని పక్కన పెట్టింది. పొద్దుటి నుంచీ జరిగిందంతా ఒకసారి తలచుకున్నట్టు నిలబడి, మెల్లగా నా వైపు చూసి చెప్పింది.

"సారు పని కాదు మేడం. సారు గిప్పుడే అచ్చిండు."

నిజమే, నేను అప్పుడే వచ్చాను.